పాఠకుల సందేహాలు: విమానం ఎంత దూరం, ఎంతసేపు?

విమానాశ్రయాల మధ్య దూరాన్నీ ప్రయాణానికి పట్టే కాలాన్నీ ఎలా లెక్క కట్టాలని అడుగుతూ ఈ నెల ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. ఒకదాని జవాబు మరొకదానికి ఆధారమయ్యేలా ఉండడంతో వాటన్నిటినీ ఒకేచోట చేర్చాము.

ప్రశ్న: పదో తరగతిలో అక్షాంశ రేఖాంశాలు చెబుతుండగా, హైదరాబాదు నుంచి విశాఖపట్నానికి విమానం ఎంత దూరం ఎగురుతుందని ఒక అమ్మాయి అడిగింది. వెబ్‌సైట్లలో వెతికితే ఒకచోట 317 అని, మరొకచోట 276 అని, ఇంకొకచోట 511 అని ఉంది. రైలు దారి దాదాపు 700 కిలోమీటర్లని మాకు తెలుసు. వీటిలో దేన్ని నమ్మాలి? కాగితం మీద లెక్క కట్టే మార్గం ఉందా?
— ఒక ఉపాధ్యాయుడు, హనుమకొండ

జవాబు: మీకు కనిపించిన మూడు అంకెలూ సరైనవే, ఎందుకంటే మూడూ ఒకే దూరం. 511 కిలోమీటర్లు, 317 సాధారణ మైళ్లు, 276 నాటికల్ మైళ్లు సమానం. విమానరంగంలో వాడేది ఈ నాటికల్ మైలే. ఒక డిగ్రీలో అరవయ్యో వంతైన ఒక నిమిషపు కోణం భూమి ఉపరితలం మీద ఎంత పొడవు వస్తుందో అదే ఒక నాటికల్ మైలు, అంటే 1,852 మీటర్లు. అక్షాంశాలతో దారి చూసుకునే నావికులకు మైళ్లను వేరుగా కొలిచే పని లేకుండా డిగ్రీల నుంచే దూరం తెలిసేది. విమానాలు ఆ పద్ధతిని ఓడల నుంచి తెచ్చుకున్నాయి.

ఇక కాగితం మీద లెక్క. భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధం గల గోళంగా తీసుకుంటే, ఒక డిగ్రీ చాపం పొడవు సుమారు 111.2 కిలోమీటర్లు. శంషాబాదు విమానాశ్రయం 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. ఐఎన్‌ఎస్ డేగా అనే నౌకాదళ స్థావరం ఆవరణలోని విశాఖపట్నం విమానాశ్రయం 17.72, 83.22 డిగ్రీల మీద ఉంది. అక్షాంశాల తేడా 0.48 డిగ్రీలు, కనుక విమానం ఉత్తరం వైపు జరగవలసిన దూరం 53 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా 4.79 డిగ్రీలు. దీన్ని నేరుగా 111.2తో గుణిస్తే తప్పు వస్తుంది. పిల్లలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే కాబట్టి కొంచెం ఆగి చెప్పడం మంచిది. అక్షాంశ రేఖలు ఒకదానికొకటి సమదూరంలో ఉంటాయి కాని, రేఖాంశ రేఖలు భూమధ్యరేఖ దగ్గర ఎడంగా మొదలై, పైకి పోయినకొద్దీ దగ్గరపడుతూ ధ్రువాల దగ్గర ఒకే బిందువులో కలిసిపోతాయి. అందువల్ల ఒక డిగ్రీ రేఖాంశం భూమధ్యరేఖ మీద 111 కిలోమీటర్లయితే, మన ప్రాంతంలో 106 కిలోమీటర్లు, అరవయ్యో అక్షాంశం దగ్గర సగం మాత్రమే. ఆ తగ్గుదలను అక్షాంశపు కొసైన్ విలువ చెబుతుంది. మన రెండు ఊళ్ల సగటు అక్షాంశం 17.48 డిగ్రీలు, దాని కొసైన్ 0.954. కనుక 4.79ని 0.954తోను, వచ్చినదాన్ని 111.2తోను గుణిస్తే తూర్పు దిక్కుగా 508 కిలోమీటర్లు. ఇప్పుడు 53, 508 లంబకోణ త్రిభుజపు రెండు భుజాలు. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం కర్ణం 511 కిలోమీటర్లు. ఆ అమ్మాయికి ఈ జవాబు చెప్పి, విశాఖ దగ్గరి భోగాపురం విమానాశ్రయం నిర్దేశాంకాలు ఇచ్చి అదే లెక్కను మళ్లీ చేయించండి. ఊరి పేరు ఒకటే అయినా ఏ విమానాశ్రయం నుంచి కొలిచామన్నదాన్ని బట్టి అంకె మారుతుందని తనకే తెలుస్తుంది.

వెబ్‌సైట్ల మధ్య తేడాకు ప్రమాణాలు కాక మరో కారణం కూడా ఉంది. భూమి కచ్చితమైన గోళం కాదు; నడుము దగ్గర కాస్త ఉబ్బి ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. గోళమని లెక్కిస్తే హైదరాబాదు నుంచి ఢిల్లీకి 1,267 కిలోమీటర్లు వస్తుంది, ఉబ్బును కూడా లెక్కలోకి తీసుకుంటే 1,262 దగ్గర ఆగుతుంది. ఈ తేడా నూటికి అర శాతాన్ని మించదు. తరగతి గదిలో దీని గురించి బెంగపడనక్కరలేదు.

ప్రశ్న: మా అబ్బాయి షికాగోలో ఉంటాడు. అమెరికా పడమటి దిక్కున ఉందని చిన్నప్పటి నుంచి చదువుకున్నాము. అయితే 2021లో హైదరాబాదు నుంచి నేరుగా వెళ్లే విమానం ఎక్కినప్పుడు సీటు ముందున్న తెరమీద విమానం ఉత్తరానికి పోతూ కనిపించింది. పటం మీద అంత చుట్టు తిరిగి వెళ్లడమెందుకు? దూరం పెరగదా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: పెరగదమ్మా, తగ్గుతుంది. మీ ఇంట్లో పిల్లల గ్లోబు ఏదైనా ఉంటే, ఒక దారం తీసుకుని ఒక కొస హైదరాబాదు మీద, రెండో కొస షికాగో మీద పెట్టి బిగించి లాగండి. దారం అరేబియా సముద్రం మీదుగా పోదు, నేరుగా పైకి లేచి ఉత్తర ధ్రువానికి సుమారు 1,230 కిలోమీటర్ల దూరం దాకా వెళ్లి, అక్కడి నుంచి కెనడా మీదుగా కిందికి దిగుతుంది. గోళం మీద రెండు చోట్లను కలిపే అతిదగ్గరి దారి అదే. దాన్ని మహావృత్త చాపం అంటారు. గోడపటంలో వంకరగా కనిపించే ఆ గీత నిజానికి తిన్ననిది. నారింజ తొక్కను బల్లమీద పరిచినట్టు గుండ్రటి భూమిని చదును చేసిన పటమే మనల్ని పక్కదారి పట్టిస్తుంది.

పై ఉత్తరానికి చెప్పిన పైథాగరస్ పద్ధతిని ఈ దూరానికి వాడితే 16,300 కిలోమీటర్లు వస్తుంది. అసలు దూరం 13,280 మాత్రమే. అంటే ఆ పద్ధతి ఐదారు వందల కిలోమీటర్లకు బాగా పనిచేస్తుంది, ఖండాలు దాటితే మూడు వేల కిలోమీటర్ల తప్పు తెచ్చిపెడుతుంది. దూరప్రయాణాలకు వాడవలసిన సూత్రం ఇది: రెండు అక్షాంశాల సైన్ విలువలను ఒకదానితో ఒకటి గుణించి ఒక పక్కన రాసుకోండి. రెండు అక్షాంశాల కొసైన్లనూ రేఖాంశాల తేడా కొసైన్‌నూ మూడింటినీ గుణించి దానికి కలపండి. ఆ మొత్తం ఏ కోణానికి కొసైన్ అవుతుందో ఆ కోణాన్ని 111.2తో గుణించండి. హైదరాబాదు నుంచి లండన్ హీత్రోకు ఇలా లెక్కిస్తే మొదటి లబ్ధం 0.2318, రెండోది 0.1147, మొత్తం 0.3466 వస్తుంది. అది 69.7 డిగ్రీల కోణానికి కొసైన్, కనుక దూరం సుమారు 7,750 కిలోమీటర్లు. పడమటి రేఖాంశాలకు ముందు రుణ చిహ్నం పెట్టడం మరచిపోతే మాత్రం లెక్క ఎంత జాగ్రత్తగా చేసినా షికాగో విమానం ఆసియాలోనే దిగుతుంది.

ప్రశ్న: మా తమ్ముడు దుబాయిలో పనిచేస్తున్నాడు. పోయేటప్పుడు హైదరాబాదులో ఉదయం 10 గంటలకు బయలుదేరి 12.25కి దుబాయి చేరినట్టు అతని టికెట్టులో ఉంది. వచ్చేటప్పుడు రాత్రి 10 గంటలకు బయలుదేరి తెల్లవారుజామున 2.50కి హైదరాబాదులో దిగినట్టు ఉంది. పోను రెండున్నర గంటలు, రాను దాదాపు ఐదు గంటలు. దూరం ఒకటే కదా, ఇంత తేడా ఎందుకు?
— ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: ఈ తేడాలో రెండు భాగాలున్నాయి. పెద్ద భాగం గడియారానిది, చిన్న భాగం గాలిది. వాటిని విడివిడిగా చూడాలి.

టికెట్టు మీద బయలుదేరే సమయం బయలుదేరే ఊరి గడియారం ప్రకారం, చేరే సమయం చేరే ఊరి గడియారం ప్రకారం ఉంటాయి. దుబాయి గడియారం మనకంటే గంటన్నర వెనక ఉంటుంది. అక్కడ 12.25 అయినప్పుడు జగిత్యాలలో మధ్యాహ్నం 1.55. కనుక మీ తమ్ముడు పోయేటప్పుడు ప్రయాణించినది 3 గంటల 55 నిమిషాలు. వచ్చేటప్పుడు దుబాయిలో రాత్రి 10 అంటే మనకు 11.30. అక్కడి నుంచి 2.50 దాకా 3 గంటల 20 నిమిషాలు. చూశారా, టికెట్టును పైపైన చదివితే వచ్చే ప్రయాణం ఎక్కువసేపు అనిపిస్తుంది, లెక్క కడితే అదే తక్కువ. ఏ ప్రయాణానికైనా రెండు సమయాలనూ ఒకే గడియారానికి మార్చుకున్న తరవాతనే తీసివేత చేయాలి. మనవాళ్లకు రెండింటినీ భారత కాలంలోకి తెచ్చుకోవడం తేలిక.

గడియారం సంగతి తేలాక ఇంకా 35 నిమిషాల తేడా మిగిలింది. అది గాలి వల్ల వచ్చినది. ఈ రెండు విమానాశ్రయాల మధ్య మహావృత్త దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. ఈ దారిలో తిరిగే చిన్న జెట్ విమానాలు 11 కిలోమీటర్ల ఎత్తున, చుట్టూ ఉన్న గాలితో పోల్చితే గంటకు 830 కిలోమీటర్ల వేగంతో పోతాయి. అయితే ఆ గాలి కూడా కదులుతూ ఉంటుంది. చలికాలంలో ఉత్తర భారతం మీదుగా పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే వేగమైన గాలి ప్రవాహం ఉంటుంది, దాని అంచులు ఈ దారినీ తాకుతాయి. ఉదాహరణకు సగటున గంటకు 80 కిలోమీటర్ల పడమటి గాలి ఉందనుకుందాం. పోయేటప్పుడు అది ఎదురుగాలి, కనుక నేలమీద లెక్కించే వేగం 750. ప్రయాణం 3 గంటల 24 నిమిషాలు. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది కనుక వేగం 910, ప్రయాణం 2 గంటల 48 నిమిషాలు. రెండింటికీ రన్‌వే దాకా వెళ్లడానికి, పైకి ఎక్కడానికి, దిగి గేటు చేరడానికి అరగంట చొప్పున కలపండి. 3.54, 3.18 వస్తాయి. మీ తమ్ముడి టికెట్టులోని అంకెలకు రెండు నిమిషాల లోపు తేడా.

వానాకాలంలో ఈ లెక్క ఇలాగే ఉండదు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు దక్షిణ భారతం మీద పై గాలులు తిరగబడి తూర్పు నుంచి పడమటికి వీస్తాయి. ఈ తూర్పు జెట్ ప్రవాహాన్ని 1958లో శాస్త్రలోకానికి వివరించినవారు, తరవాత భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్‌గా పనిచేసిన తెలుగువారు పంచేటి కోటేశ్వరం. దాని నడిబొడ్డు విమానాలు ఎగిరే ఎత్తు కంటే పైనే ఉంటుంది కాని, కింది పొరల మీద కూడా దాని ప్రభావం కనిపిస్తుంది. అందుకే ఆ నెలల్లో పోయే వచ్చే ప్రయాణాల మధ్య తేడా బాగా తగ్గిపోతుంది. వాన గురించి చేసిన పరిశోధన గల్ఫు టికెట్టును అర్థం చేసుకోవడానికి పనికిరావడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది.

ప్రశ్న: గాలి వివరాలు మాకు తెలియవు కదా. దూరం తెలిస్తే సమయాన్ని ఉజ్జాయింపుగా చెప్పే తేలిక సూత్రం ఏదైనా ఉందా?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఉంది. జెట్ విమానమైతే కిలోమీటర్లను 800తో భాగించి, వచ్చిన గంటలకు అరగంట కలపండి. హైదరాబాదు, విశాఖల మధ్య 511 కిలోమీటర్లకు 38 నిమిషాలు, అరగంట కలిపితే గంటా 8 నిమిషాలు. ఢిల్లీకి 2 గంటల 5 నిమిషాలు వస్తుంది, కాని షెడ్యూలులో ఇంకో పది పదిహేను నిమిషాలు ఎక్కువే ఉంటుంది. ఢిల్లీ వంటి రద్దీ విమానాశ్రయంలో దిగే వంతు కోసం ఆకాశంలో చక్కర్లు కొట్టవలసి రావచ్చు, దిగాక గేటు చేరడానికే చాలాసేపు పట్టవచ్చు. పైగా ఆలస్యమైందన్న మాట రాకుండా సంస్థలు షెడ్యూలులో కొంత అదనపు సమయాన్ని ముందే దాచుకుంటాయి. విమానం ఇరవై నిమిషాలు ముందే దిగిందని ప్రకటించినప్పుడు ప్రయాణికులు పైలట్‌ను మెచ్చుకుంటారు కాని, నాకైతే ముందు షెడ్యూలు వేసినవారి తెలివే గుర్తుకొస్తుంది.

రెక్కల దగ్గర పంకాలు తిరిగే ఏటీఆర్ విమానమైతే 800కు బదులు 500తో భాగించాలి. హైదరాబాదు నుంచి తిరుపతికి 420 కిలోమీటర్లు. అందులో గాలిలో గడిచేది 50 నిమిషాలు, మిగతా పనులకు మరో 30. తక్కువ దూరాల్లో ఏటీఆర్‌కూ జెట్‌కూ మధ్య తేడా పావుగంట ఇరవై నిమిషాలే, ఎందుకంటే జెట్ తన పూర్తి వేగం అందుకునేలోగా దిగే సమయం వచ్చేస్తుంది.

ప్రశ్న: దూరం తక్కువైతే సమయం కూడా తక్కువ అవుతుంది కదా. అలాంటప్పుడు విమానాలు ఎప్పుడూ మహావృత్తం మీదనే ఎందుకు పోవు?
— ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, విజయవాడ

జవాబు: మీ ప్రశ్నలోని మొదటి వాక్యమే ఎప్పుడూ నిజం కాదు. ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు మహావృత్త దూరం సుమారు 12,400 కిలోమీటర్లు. ఎయిరిండియా ఈ విమానాన్ని మొదట పడమటి దిక్కుగా, అట్లాంటిక్ మీదుగా నడిపేది. 2016 అక్టోబరులో దాన్ని తూర్పుకు తిప్పి పసిఫిక్ మహాసముద్రం మీదుగా పంపింది. ఆ దారి 15,000 కిలోమీటర్లకు పైమాటే, అట్లాంటిక్ దారికంటే వెయ్యి కిలోమీటర్లకు పైగా ఎక్కువ. అయినా ప్రయాణం దాదాపు పద్నాలుగున్నర గంటల్లో ముగిసింది, అంటే పాత దారికంటే సుమారు రెండు గంటలు తగ్గింది. నేలమీద లెక్కించిన సగటు వేగం గంటకు 1,000 కిలోమీటర్లు దాటిందంటే, జెట్ స్ట్రీమ్ ఎంతగా వెనక నుంచి తోసిందో ఊహించవచ్చు. తిరుగు ప్రయాణం మాత్రం ఎప్పటిలాగే అట్లాంటిక్ మీదుగా, అది కూడా తూర్పు దిక్కుగానే. రెండు ప్రయాణాలూ పూర్తయ్యేసరికి ప్రయాణికుడు ఎప్పుడూ వెనుదిరగకుండా భూప్రదక్షిణం చేసి ఇల్లు చేరతాడన్నమాట.

మహావృత్తం దగ్గరగా పోయిన ప్రయాణాలూ లేకపోలేదు. 2021 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు నేరుగా వచ్చిన మొదటి విమానాన్ని కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో అందరూ మహిళలే నడిపారు, అందులో కెప్టెన్ పాపగారి తన్మయి కూడా ఉన్నారు. ఆ రెండు ఊళ్ల మధ్య అతిదగ్గరి దూరం 13,990 కిలోమీటర్ల ప్రాంతం. ధ్రువం మీదుగా వచ్చిన ఆ విమానం దాదాపు 17 గంటలు ఎగిరింది. పసిఫిక్ దారితో పోల్చండి: దూరం వెయ్యి కిలోమీటర్లు తక్కువ, సమయం రెండున్నర గంటలు ఎక్కువ.

గాలి కాక అడ్డువచ్చేవి ఇంకా ఉన్నాయి. 2019 ఫిబ్రవరి చివరి నుంచి జూలై దాకా, మళ్లీ 2025 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసినప్పుడు, ఢిల్లీ నుంచి యూరపు వెళ్లేవి అరేబియా సముద్రం వైపు దిగి చుట్టు తిరిగి పోవలసి వచ్చింది. టిబెట్ పీఠభూమి మీద శత్రువులెవరూ లేకపోయినా విమానాలు అటు పోవడానికి జంకుతాయి. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ వెంటనే 10,000 అడుగుల ఎత్తుకు దిగాలి, అక్కడ నేలే దాదాపు 15,000 అడుగుల ఎత్తున ఉంటే ఇక దిగడమెక్కడికి? చివరగా, విమానాలు రన్‌వే నుంచి తిన్నగా గమ్యం వైపు ఎగరవు. ముందే గీసి ఉంచిన వాయుమార్గాలను, ఆయా రన్‌వేలకు నిర్ణయించిన మలుపులను అనుసరించాలి. కనుక మీరు లెక్క కట్టిన దూరం కంటే విమానం నిజంగా ఎగిరేది కొన్ని శాతాలు ఎక్కువే ఉంటుంది.

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా అమ్మాయి వేసవిలో వచ్చినప్పుడు టికెట్టులో చేరే సమయానికీ, డిసెంబరులో వచ్చినప్పటి సమయానికీ గంట తేడా ఉంది. విమానం వేగం తగ్గించారా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వేగం తగ్గించలేదు, గడియారం తిప్పారు. అమెరికాలో అత్యధిక రాష్ట్రాలు మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు గడియారాన్ని గంట ముందుకు జరుపుకుంటాయి. డాలస్ మనకంటే ఆ నెలల్లో పదిన్నర గంటలు, మిగతా కాలంలో పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. మన గడియారం ఏడాది పొడుగునా ఒకేలా నడుస్తుంది కాబట్టి తేడా అంతా అటువైపు నుంచే వస్తుంది.

ప్రశ్న: పోయేటప్పుడు ఎదురుగాలి వల్ల ఎంత నష్టమో, వచ్చేటప్పుడు అంత లాభం. రానుపోను మొత్తం మీద గాలి లేనట్టే లెక్క కాదా?
— ఒక డిగ్రీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: చాలామంది అలాగే అనుకుంటారు, కాని కాదు. పైన జగిత్యాల పాఠకునికి చెప్పిన అంకెలనే తీసుకోండి. గాలి లేకపోతే రానుపోను 5,100 కిలోమీటర్లకు గంటకు 830 చొప్పున 6 గంటల 9 నిమిషాలు. గాలి ఉంటే 3.24, 2.48 కలిపి 6 గంటల 12 నిమిషాలు. మూడు నిమిషాలు ఎక్కువ. కారణం సులువు: ఎదురుగాలిలో విమానం ఎక్కువసేపు ఉంటుంది, వెనకగాలిలో తక్కువసేపు ఉంటుంది, కనుక నష్టపడే కాలం లాభపడే కాలం కంటే ఎప్పుడూ ఎక్కువే. గాలి వేగం 160 అయితే ఆ మూడు నిమిషాలు ఆరు కావు, పద్నాలుగు అవుతాయి. ఎందుకు రెట్టింపు కాక నాలుగింతలు దాటిందో మీరే బీజగణితంలో నిరూపించి రాయండి, చక్కగా ఉంటే వచ్చే సంచికలో వేస్తాము.